ఫ్రావ్ వైస్‌కు అందని సంచి

కొన్నేళ్ళుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి ఉద్యోగమూ ఊడలేదు. చిన్నదే కదా అని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. అంత చిన్నదైతే, డిసెంబరు వచ్చి మా వీధిలో కిటికీలకు కాగితపు నక్షత్రాలు వేలాడగానే నేను తల వంచుకుని ఎందుకు నడుస్తాను? కింది వాటా ఆవిడ మెట్లెక్కే చప్పుడు వినగానే చేతిలో పని ఎందుకు ఆగిపోతుంది?

చిన్నప్పటి నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. నోటితో చెప్పలేనివన్నీ అందులో రాసుకుంటాను. ఈ సంగతి మాత్రం అందులోనూ లేదు. ఆ రోజు పేజీలో మంచు కురవడం గురించి రాశాను. మంచు చాలా బాగుందని రాశాను. ఎవరూ చదవని చోట కూడా దాచుకున్నానంటే, నేను ఎవరికి భయపడినట్టు?

అందుకే మీకు చెబుతున్నాను. మీ ముఖం నాకు తెలియదు, నా ముఖం మీకు తెలియదు. నాలాంటి దానికి ఇదే వీలు.

నేను ఉండేది జర్మనీలో, జార్‌బ్రూకెన్‌లో. కంప్యూటర్ సైన్సు చదవడానికి కాకినాడ నుంచి వచ్చాను. చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం దొరికింది, అదే ఇంట్లో ఉండిపోయాను. పాత ఇల్లు. లిఫ్టు లేదు. మా వాటా మూడో అంతస్తులో. అప్పట్లో నాతోపాటు నాజియా ఉండేది. తనది హైదరాబాదు. నాజియా ఎక్కడికి వెళ్ళినా పదిమందిని పోగేసుకుంటుంది. నేను ఎక్కడికి వెళ్ళినా కూర్చోవడానికి ఒక మూల వెతుక్కుంటాను. తను పొద్దున్నే యూనివర్సిటీకి పోతే సాయంత్రం దాకా వచ్చేది కాదు. నేను థీసిస్ రాసుకుంటూ ఇంట్లోనే ఉండేదాన్ని. రాయనప్పుడు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవలలు చదువుకునేదాన్ని. ఎవరితోనూ ఒక్క మాటయినా మాట్లాడకుండా చాలా రోజులు గడిచిపోయేవి. బెల్లు మోగితే ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడేదాన్ని. జర్మన్ రాక కాదు. పరీక్షల్లో మంచి మార్కులే వచ్చేవి. కానీ ఎదురుగా మనిషి నిలబడి నా నోటి వంక చూస్తుంటే నేర్చుకున్నదంతా గొంతులోనే ఆగిపోయేది. నిజం చెప్పాలంటే తెలుగులోనూ అంతే.

ఆ బెల్లు మోగించేది మా పోస్టావిడ, ఫ్రావ్ వైస్. ఫ్రావ్ అంటే మన 'గారు' లాంటిదే, ఆడవాళ్ళ పేరుకు ముందు వస్తుంది. యాభై దాటిన మనిషి. పొట్టి జుట్టు, గాలికి ఎర్రబడ్డ బుగ్గలు. మా వైపు ఉత్తరాలూ పార్శిళ్ళూ రెండూ ఆవిడే తెచ్చేది. ఇక్కడొక పద్ధతి ఉంది. పార్శిల్ అందుకోవలసిన మనిషి ఇంట్లో లేకపోతే దాన్ని ఇరుగుపొరుగు ఎవరికైనా ఇచ్చి, ఫలానా వాళ్ళ దగ్గర ఉంచామని ఒక చీటీ డబ్బాలో వేస్తారు. సాయంత్రం ఇంటికి రాగానే వాళ్ళు వచ్చి తీసుకుంటారు.

ఒకసారి బెల్లు మోగించి ఆవిడ వెళ్ళిపోలేదు. తలుపుకు అవతలే నిలబడి, ఏ తొందరా లేనట్టు మాట్లాడింది.

"మీరు లోపలున్నారని తెలుసు. కాఫీ వాసన వస్తోంది. నేను పోస్టు మనిషిని, పన్నుల మనిషిని కాను."

నవ్వొచ్చి తలుపు తీశాను. కింది వాటా ఫ్రావ్ బెకర్ పార్శిల్ నా చేతిలో పెట్టింది. సాయంత్రం ఫ్రావ్ బెకర్ వచ్చింది. రిటైరయిన స్కూలు టీచరు. గుమ్మంలో నిలబడి నా వెనక ఉన్న పుస్తకాలు చూసి, ఏం చదువుతున్నారని అడిగింది. రెండు ముక్కలు చెప్పాను. రెండు రోజుల తర్వాత ఆవిడకు ఇంకో పార్శిల్ వచ్చింది. ఆవిడ మళ్ళీ పైకి వచ్చింది, ఈసారి మూడు ముక్కలు చెప్పాను. తర్వాత పై అంతస్తు వాళ్ళ పిల్లల బూట్లు వచ్చాయి. ఆ తల్లి బూట్ల కోసం వచ్చి, చంటిదాన్ని నా చేతికిచ్చి, పెట్టె అక్కడే విప్పింది. అలా ఆ ఇంట్లో వాళ్ళందరూ ఒక్కొక్కరే నా గుమ్మం దాకా వచ్చారు. నేను ఎవరి గుమ్మానికీ వెళ్ళలేదు. వెళ్ళగలిగేదాన్నీ కాను. నాకు జ్వరం వచ్చినప్పుడు సూపు తెచ్చిచ్చినవాళ్ళు, నా చేత దోసెలు పోయించుకుని తిన్నవాళ్ళు, నా పేరును కాస్త వంకరగానైనా ప్రేమగా పిలిచినవాళ్ళు, అందరూ పార్శిళ్ళ వెంట వచ్చినవాళ్ళే.

అదంతా దానంతట అదే జరిగిందనుకున్నాను. కాదని రెండో డిసెంబరులో తెలిసింది.

క్రిస్మస్ ముందు పోస్టు తెచ్చే మనిషికి ఏదైనా ఇవ్వడం ఇక్కడి అలవాటు. మా ఇంట్లో ఆ పని ఫ్రావ్ బెకర్ చూసుకుంటుంది. ఆ ఏడు ఒక గుడ్డసంచీ పట్టుకుని పైకి వచ్చింది. అందులో ఆవిడ కాల్చిన బిస్కెట్ల డబ్బా ఉంది, ఆవిడే అల్లిన ఉన్ని సాక్సులున్నాయి, పై అంతస్తు పిల్ల గీసిన పసుపు రంగు పోస్టు బండి బొమ్మ ఉంది, ఇంట్లో అందరూ సంతకాలు చేసిన కార్డు ఉంది. నా చేత కూడా సంతకం పెట్టించింది.

"రేపటి నుంచి నేను మా అమ్మాయి దగ్గరికి, డాక్టరు దగ్గరికి తిరుగుతుంటాను. ఆవిడ వచ్చే వేళకు ఇంట్లో ఉండేది మీరే. మీరే ఇవ్వండి," అంది. వెళ్ళబోతూ ఆగి, నవ్వుతూ ఇంకో మాట చెప్పింది. "ఇప్పుడు చెప్పేయొచ్చులెండి. మొదట్లో నా పార్శిళ్ళు వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉండేదాన్ని. 'పైన ఆ అమ్మాయికి మాట్లాడే మనిషి లేదు, మీ పార్శిల్ అక్కడ పెడతాను, మీరు వెళ్ళి తెచ్చుకోండి' అని ఫ్రావ్ వైస్ అడిగింది. నాకూ మెట్లెక్కే వ్యాయామం అయింది."

తలుపు వేసుకుని చాలాసేపు ఆ సంచి పక్కన కూర్చున్నాను. కింది వాటాలో ఇచ్చేసి పోగలిగిన పెట్టెను ఆవిడ మూడంతస్తులు మోసుకొచ్చింది. నా కోసం. నాకు చెప్పకుండా.

ఇక్కడే మొదలైంది నా తప్పు, ఈ కృతజ్ఞతలోంచే. ఇంత చేసిన మనిషికి నేనిచ్చేది కార్డు మీద ఒక సంతకమేనా? కాకినాడలో మా ఇంట్లో ఎవరికేం పంపినా మన చేత్తో చేసింది ఒకటి అందులో ఉండాల్సిందే. కొని పెట్టింది లెక్కలోకి రాదు. సున్నుండలు చేద్దామనుకున్నాను. ఏషియన్ షాపులో మినప్పప్పు తెచ్చాను, వెన్న కాచి నెయ్యి తీశాను. మొదటిసారి పప్పు మాడింది. రెండోసారి పిండి బరకగా వచ్చి ఉండ కట్టలేదు. ఈలోగా ఫ్రావ్ వైస్ వచ్చింది, ఉత్తరాలిచ్చింది, మెట్లు దిగి వెళ్ళింది. సంచి వంటగదిలోనే ఉంది. రేపు ఇద్దాం అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను.

నాజియా క్రిస్మస్ సెలవులకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాళ్ళ పిన్ని ఇంటికి బయల్దేరుతూ సంచిని చూసింది.

"ఏమే, ఇది ఇంక ఈడనే ఉందేంది? మొన్ననే ఇస్తనంటివి గద."

"సున్నుండలు కుదరలేదే. సరిగ్గా చేసి, కలిపి ఇస్తాను."

"అరే యార్, నీ లడ్డూల కోసం క్రిస్మస్ ఆగుతదా? ఇచ్చెయ్ ఆమెకు. మొహమాటం మొహమాటం అనుకుంట ముసలిదానివైతవ్ చూడు!"

అది మొహమాటమేనా? ఇన్నేళ్ళూ నేనూ అలాగే అనుకున్నాను, ఆ మాట వినడానికి బాగుంటుంది కాబట్టి. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అందులో గర్వం కూడా ఉంది. సంచి విప్పగానే అందరి వస్తువుల మధ్య నాది వేరుగా కనపడాలని ఆశ. ఆవిడ అది తిని, ఇది ఎవరు చేశారని అడగాలని ఆశ. పదిమంది కలిసి ఇచ్చేదాన్ని నా ఒక్కదాని కానుకగా మార్చుకోవాలనుకున్నాను.

పండగ ముందు రోజుల్లో ఒక పొద్దున మూడోసారి పప్పు వేయించాను. ఆ రోజు అంతా సరిగ్గా కుదురుతోంది. ఇల్లంతా కమ్మటి వాసన. చేతులకు నెయ్యీ పిండీ. నాలుగు ఉండలు కట్టానేమో, బెల్లు మోగింది.

నేను కదల్లేదు.

ఇంకో అరగంట ఆగితే అన్నీ అయిపోతాయి, చక్కగా డబ్బాలో సర్దుతాను, రిబ్బను కడతాను. ఇప్పుడు తలుపు తీస్తే ఈ పాత నైటీతో, ఈ చేతులతో ఆవిడ ముందు నిలబడాలి. సగం తయారైన కానుకతో నిలబడాలి. రేపు ఎలాగూ వస్తుంది కదా. ఇవన్నీ ఒక్క క్షణంలో అనుకున్నాను. బెల్లు రెండోసారి మోగింది. చప్పుడు చేయకుండా తలుపు దాకా నడిచాను. ఎందుకు నడిచానో తెలియదు, తీయాలన్న ఉద్దేశం మాత్రం లేదు. అవతల ఆవిడ ఊపిరి వినపడింది. మెట్లెక్కి అలసిన ఊపిరి. తర్వాత వేళ్ళతో తలుపు మీద మెల్లగా తట్టింది. ఎప్పుడూ తట్టేది కాదు. కాసేపు నిలబడింది. తర్వాత మెట్లు దిగింది, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ.

నేను లోపలున్నానని ఆవిడకు తెలుసు. మినప్పప్పు వాసన కాఫీ వాసన కంటే ఎక్కువే చెబుతుంది.

ఆ సాయంత్రం కింద పోస్టు డబ్బా దగ్గర ఫ్రావ్ బెకర్ ఎదురైంది. కోటు మీద మంచు రాలి ఉంది. అమ్మాయి ఇంటి నుంచి అప్పుడే వచ్చింది.

"ఇచ్చేశారా?"

"ఇచ్చాను."

"సంతోషించిందా?"

"చాలా."

"సాక్సులు? పాదం కొలత ఊహించి అల్లాను, సరిపోతాయో లేదో!"

"సంచిలోంచి తీసి చెంపకు ఆనించుకుంది," అన్నాను.

ఈ చివరి మాట నన్నెవరూ అడగలేదు. అది నేనే అల్లాను. అన్ని నవలలు చదివినందుకు ఆ పూట పనికొచ్చింది అదే. ఫ్రావ్ బెకర్ చేయి గుండె మీద పెట్టుకుని "ఓహ్" అంది. ఆవిడ కళ్ళు తడిశాయి. రేపు పొద్దున ఫ్రావ్ వైస్ వస్తుంది, సంచి ఇస్తాను, అప్పుడు ఇది అబద్ధం కాకుండా పోతుంది. అలా అనుకుంటూ మెట్లెక్కాను. తేలిగ్గానే ఎక్కాను కూడా. సున్నుండలు డబ్బాలో సర్ది రిబ్బను కట్టాను.

మర్నాడు బెల్లు మోగగానే తలుపు తీశాను, సంచి చేతిలో పట్టుకునే. ఎదురుగా పోస్టు దుస్తుల్లో ఎవరో కొత్తాయన. నా చేతిలోని సంచి చూసి, అది తనకేనేమోనన్నట్టు కాస్త సిగ్గుపడ్డాడు. ఫ్రావ్ వైస్ ఏరని అడిగాను. మోకాళ్ళ నొప్పులట. మెట్లు లేని వీధులు ఇమ్మని ఎప్పుడో అడిగిందట, ఇప్పుడు ఇచ్చారట. "నిన్నే ఇక్కడ ఆఖరి రోజు. అందరికీ చెప్పి వెళతానంది. మీకు చెప్పలేదా?" అన్నాడు.

మా ఇంట్లో మిగతా వాళ్ళంతా ఆ రోజు పనుల మీద బయట ఉన్నారు. ఆవిడ చెప్పి వెళ్ళడానికి ఇంట్లో ఉన్నది నేను ఒక్కదాన్నే.

అప్పుడైనా ఆ సంచి ఆయన చేతికిచ్చి, ఆవిడకు అందించమని అడగాల్సింది. ఇంతకంటే సులువైన పని ఉందా? ఆయన నవ్వుతూ తీసుకెళ్ళేవాడు. కానీ ఆయన కిందికి వెళ్ళి ఫ్రావ్ బెకర్‌తో అంటే? చెంపకు ఆనించుకున్న సాక్సులు సంచిలోనే ఉన్నాయని ఆవిడకు తెలిస్తే? సంచిని వెనక్కు దాచుకున్నాను. "చెప్పింది, చెప్పింది," అన్నాను. అది ఇంకో అబద్ధం.

ఫ్రావ్ వైస్ వెళ్ళిపోయిందని తెలిసినప్పుడు ఫ్రావ్ బెకర్ నా రెండు చేతులూ పట్టుకుంది. "సమయానికి ఇచ్చారు! లేకపోతే మనం మరిచిపోయామనుకుని వెళ్ళిపోయేది కదా!" అంది. నేను తలూపాను.

బిస్కెట్లు నేనే తిన్నాను. ఇది చెప్పడం అన్నిటికంటే కష్టంగా ఉంది. పారేయడానికి మనసు రాలేదు, ఎవరికైనా పెడితే ఎక్కడివని అడుగుతారు. జనవరి అంతా నాజియా బయటికి వెళ్ళాక, గది తలుపు వేసుకుని టీతో తిన్నాను. చాలా బాగున్నాయి. చేదుగా ఉన్నాయని రాస్తే మీకు నచ్చేదేమో, కానీ బాగున్నాయి. సున్నుండలు నాజియా తింది. "ఆమెకిచ్చినవా మరి?" అని అడిగింది. ఇచ్చానన్నాను. సాక్సులూ బొమ్మా కార్డూ నా పెట్టెలో అడుగున ఉన్నాయి.

తర్వాత ఫ్రావ్ వైస్‌ను నేను చూడలేదు. ఆవిడ కొత్త వీధులు నది అవతల అని విని, నది అవతల పనులు మానుకున్నాను. బస్సులోంచి పోస్టు బండి కనబడితే తల వంచుకునేదాన్ని. నాజియా ఉద్యోగం వచ్చి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళిపోయింది. నేను మాత్రం ఇల్లు మారలేదు, మారలేను కూడా. ఈ ఊళ్ళో నా మనుషులు ఈ ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళను నాకిచ్చింది ఎవరో మీకు తెలుసు. ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి ఇప్పటికీ ఇంట్లో అందరి పార్శిళ్ళూ నా దగ్గరికే వస్తాయి. అందరివీ జాగ్రత్తగా ఇస్తాను.

పోయిన వారం ఫ్రావ్ బెకర్ క్రిస్మస్ సంత నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా నేరుగా పైకి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరు కనిపించారో చెప్పండి! ఫ్రావ్ వైస్!"

చేతికందిన కుర్చీ పట్టుకున్నాను.

"నేను అల్లిన సాక్సులు ఇంకా ఉన్నాయా, చిరిగాయా అని అడిగాను. ఆవిడ నా వంక చూసింది. కాసేపు అలాగే చూసింది. సాక్సులంటే ఏవో గుర్తు రాలేదేమో అనుకున్నాను. తర్వాత నా చేయి పట్టుకుని, 'అవి లేకపోతే ఈ చలిలో నా కాళ్ళు గడ్డకట్టేవి' అంది! ఇన్నేళ్ళు వేసుకుంటోందంటే చూడండి!"

కుర్చీని ఆవిడ వైపు జరిపాను. ఆవిడ కూర్చోలేదు.

"మీ గురించి కూడా అడిగింది. 'పైన ఆ అమ్మాయి ఇప్పుడు తలుపు తీస్తోందా?' అంది. ఎప్పుడూ పరిహాసమే ఆవిడకు! అందరికీ తీస్తుంది, ఆ అమ్మాయి లేకపోతే మా ఇల్లు నడవదు అని చెప్పాను. 'అలాగా, మంచిది' అంది. నిజంగా సంతోషించింది."

ఆవిడ వెళ్ళాక కుర్చీలో కూర్చుండిపోయాను. సంతలో ఆ కాసేపట్లో ఫ్రావ్ వైస్‌కు అంతా అర్థమై ఉంటుంది. తన కోసం ఒక సంచి సిద్ధమైందని, అది తలుపుకు ఇవతలే ఆగిపోయిందని, ఆపింది ఎవరో కూడా. ఒక్క మాట అంటే చాలు, ఇంట్లో నా ముఖం చెల్లేది కాదు. ఆ మాట అనలేదు. ఎప్పుడూ తొడుక్కోని సాక్సులు వెచ్చగా ఉన్నాయని చెప్పింది. ఎందుకు? ఫ్రావ్ బెకర్ బాధపడకూడదనా? నన్ను కాపాడాలనా? మళ్ళీ ఒకసారి, నాకు చెప్పకుండా, నా కోసం మూడంతస్తులు ఎక్కిందా?

దీన్ని క్షమాపణ అనుకోవాలని ఉంది. కానీ ఆ పేరు పెట్టే హక్కు నాకు లేదు. ఆవిడను నేను ఏమీ అడగలేదు, ఆవిడ నాకు ఏమీ ఇస్తున్నానని చెప్పలేదు. నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే. ఈ ఊళ్ళో నా మీద ఆవిడకున్నంత దయ ఇంకెవరికీ లేదు, ఆవిడకు నేను చేసినంత అన్యాయం ఇంకెవరికీ చేయలేదు. ఇప్పుడు డిసెంబరులో నాకు వచ్చేది భయం ఒక్కటే కాదు. ఆవిడ గుర్తొస్తే కళ్ళు చెమ్మగిల్లుతాయి, అది సిగ్గుతోనే కాదు.

ఇదంతా తెలుగులో రాయడం కూడా పిరికితనమే అని నాకు తెలుసు. ఫ్రావ్ బెకర్‌కు దీన్ని చదవడం రాదు, ఫ్రావ్ వైస్‌కూ రాదు. కింది వాటాకు దిగి చెప్పాలి, నది దాటి వెళ్ళి చెప్పాలి. వెళతానని మీకు మాట ఇవ్వను. మాట ఇచ్చి నిలబెట్టుకోకపోవడం ఎంత సులువో నాకు తెలుసు. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎవరూ నా బరువు దించలేదు, అయినా కొంచెం తేలికగా ఉంది.

ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, ఫ్రావ్ వైస్. మొదటి బెల్లు విన్నాను, రెండోదీ విన్నాను. మీరు తట్టినప్పుడు తలుపుకు ఇవతలే నిలబడి ఉన్నాను.